12,999 రూపాయల పాత క్రోమ్‌బుక్, అప్‌డేట్లు ఆగిపోయాయి. అమ్మాయి చదువుకి పనికొస్తుందా?

కాలువగట్టు:

అందరికీ నమస్కారం. మాది తెనాలి. 2015లో మా వారు ఆన్‌లైన్‌లో 12,999 పెట్టి ఒక క్రోమ్‌బుక్ కొన్నారు, అదే, విండోస్ బదులు గూగుల్ వాళ్ల క్రోమ్ ఓఎస్ ఉండే ల్యాప్‌టాప్. ఎక్కువగా వాడింది నేనే. మెయిల్ చూసుకోవడం, కరెంటు బిల్లు కట్టడం, మా అమ్మాయికి రైమ్స్ పెట్టడం, అంతే. తర్వాత ఫోన్లు పెద్దవయ్యాయి, ఇది బీరువాలోకి పోయింది. ఇప్పుడు ఆ రైమ్స్ చూసిన పిల్లే పాలీసెట్ రాసి డిప్లొమాలో చేరింది. కంప్యూటర్ బ్రాంచి. కాలేజీ ల్యాబులో సీ ప్రోగ్రాములు చేయిస్తున్నారు, ఇంటి దగ్గర కూడా చేసుకోవాలి అంటోంది. కొత్త ల్యాప్‌టాప్ దసరా తర్వాత చూద్దాం అన్నారు మా వారు. ఏ దసరా అన్నది మాత్రం చెప్పలేదు.

సరే అని దీన్ని బయటికి తీసి ఛార్జింగ్ పెడితే ఆన్ అయింది. స్క్రీన్ మీద గీత లేదు, కీబోర్డులో ఒక్క కీ కూడా పోలేదు. కానీ లాగిన్ అవగానే ఈ డివైస్‌కి ఇక సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు రావు అని నోటీసు. జీమెయిల్ ఏదోలా తెరుచుకుంటోంది, బ్యాంకు సైటు మాత్రం మీ బ్రౌజర్ పాతదైపోయింది అంటోంది. బ్రౌజర్ అప్‌డేట్ చేద్దామంటే ఆ ఆప్షనే లేదు.

మా తమ్ముడు చూసి "క్రోమ్ ఓఎస్ ఫ్లెక్స్ వేసేయ్ అక్కా, పాత ల్యాప్‌టాప్‌ల కోసం గూగుల్ ఇచ్చేదే, ఫ్రీయే కదా" అని పెన్‌డ్రైవ్ చేసి తెచ్చాడు. దీనికి పెడితే పట్టించుకోనే లేదు. అదే పెన్‌డ్రైవ్ వాడి పాత ల్యాప్‌టాప్‌లో శుభ్రంగా పనిచేసింది.

నేను తెలుసుకోవాలనుకుంటున్నది ఇదీ. దీన్ని సీ నేర్చుకోవడానికి పనికొచ్చేలా చేయొచ్చా? అందులో బ్యాంకు పాస్‌వర్డ్ కొడితే ప్రమాదమా? ఒక్క స్క్రూ కూడా వదులు కాని వస్తువుకి ఆయువు తీరింది అని రాసేస్తే ఎలాగండీ?

ఐఫైవ్ అభిమాని:

అండీ, టైమ్ వేస్ట్ చేసుకోకండి. అంత చవకదాంట్లో ఉండే 2 జీబీ ర్యామ్‌తో ఈ రోజుల్లో ఒక ట్యాబ్ తెరవడమే గొప్ప. పది పదిహేను వేలు పెడితే ఆఫీసుల నుంచి వచ్చిన సెకండ్ హ్యాండ్ ఐఫైవ్ ల్యాప్‌టాప్ దొరుకుతుంది, 8 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీతో. డిప్లొమా మూడేళ్లూ అదే లాగించేస్తుంది. దీన్ని ఈ-వేస్ట్ వాళ్లకి ఇచ్చేయండి.

బోర్డు మెకానిక్:

అక్కా, పారేయకండి. అలాగని దాని మీద ఖర్చూ పెట్టకండి. నేను సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో ల్యాప్‌టాప్ బోర్డులు రిపేర్ చేస్తాను. మీలాంటి క్రోమ్‌బుక్‌లు మా బల్ల మీదికి అప్పుడప్పుడు వస్తూనే ఉంటాయి. అందరి వెంటా మీ తమ్ముడు తెచ్చినలాంటి పెన్‌డ్రైవే ఉంటుంది.

మీది 2015లో 12,999కి వచ్చిందంటే అది ఏ రకమో నాకు అర్థమైంది. ఆ సంవత్సరం మార్చి 31న గూగుల్ 149 డాలర్ల క్రోమ్‌బుక్‌లు ప్రకటించింది, అమెరికాలో హైయర్, హైసెన్స్ పేర్లతో. మన దగ్గర అవే జోలో, నెక్సియన్ పేర్లతో 12,999కి దిగాయి. పేర్లు వేరైనా లోపల చిప్ ఒక్కటే: రాక్‌చిప్ ఆర్‌కే3288. నాలుగు కార్టెక్స్ ఏ17 కోర్లు, 32 బిట్ ఆర్మ్, అంటే ఫోన్లలో ఉండే రకం ప్రాసెసర్. 2 జీబీ ర్యామ్, 16 జీబీ ఈఎంఎంసీ అంటే స్టోరేజీ చిప్, రెండూ బోర్డుకి అతికించేసినవే, పెంచే దారి లేదు. ఫ్యాన్ లేదు కాబట్టి దుమ్ము పట్టదు, అందుకే మీ మెషీన్ పదేళ్ల తర్వాత కూడా అంత శుభ్రంగా ఉంది.

ఫ్లెక్స్ ఎందుకు పట్టలేదంటే, అది ఇంటెల్, ఏఎండీ 64 బిట్ ప్రాసెసర్ల కోసం మాత్రమే తయారుచేసింది. ఆర్మ్ చిప్‌కి ఆ భాషే రాదు. మీ తమ్ముడి పెన్‌డ్రైవ్‌లో దోషమేమీ లేదు.

ఇక్కడ ఒక సంగతి వివరంగా చెప్పాలి, ఎందుకంటే "లినక్స్ అని ఫ్రీ ఓఎస్ ఉంది, అది వేసేయ్, అయిపోతుంది" అని సలహా ఇచ్చేవాళ్లంతా ఇక్కడే బోల్తా పడతారు. ఇంటెల్ ల్యాప్‌టాప్‌లో బయోసో యూఈఎఫ్ఐయో ఉంటుంది, అంటే ఆన్ చేయగానే ముందు లేచే, బోర్డులోనే ఉండే ప్రోగ్రాము, ఫర్మ్‌వేర్. ఏ ఓఎస్ వచ్చి అడిగినా డిస్క్ ఇదిగో, కీబోర్డు ఇదిగో అని అప్పజెబుతుంది. అందుకే ఒకే పెన్‌డ్రైవ్ వంద రకాల ల్యాప్‌టాప్‌లలో పనిచేస్తుంది. ఆ కాలపు చవక ఆర్మ్ బోర్డుల్లో ఈ అప్పజెప్పే పెద్దమనిషి లేడు. స్క్రీన్ లైటు ఏ పిన్ను మీద ఉంది, టచ్‌ప్యాడ్ ఏ లైను మీద మాట్లాడుతుంది, బ్యాటరీ చిప్‌కి ఎన్ని వోల్టులు ఇవ్వాలి, ఇవన్నీ డివైస్ ట్రీ అనే ఫైలులో ముందే రాసి, ఓఎస్‌కి గుండె లాంటి కెర్నెల్ చేతికి ఇవ్వాలి. ఆ ఫైలు రాసినవాడు లేకపోతే, అదే చిప్ ఉన్న ఇంకో మోడల్ కెర్నెల్ తెచ్చి వేసినా స్క్రీన్ నల్లగానే ఉంటుంది. లోపల అన్నీ బాగానే ఉంటాయి, ఏం లాభం?

పోల్చి చూడాలంటే, 2013లో మన దేశంలో 22,999కి ఏసర్ సీ720 అని క్రోమ్‌బుక్ వచ్చింది. లోపల ఇంటెల్ సెలెరాన్. దానికీ గూగుల్ అప్‌డేట్లు ఎప్పుడో ఆగిపోయాయి. కానీ మిస్టర్‌క్రోమ్‌బాక్స్ అనే ఆయన తయారుచేసిన ఫర్మ్‌వేర్ వేస్తే అది మామూలు ల్యాప్‌టాప్ అయిపోతుంది, ఏ లినక్స్ అయినా ఎక్కుతుంది. దాంట్లో ఎస్ఎస్‌డీ కూడా మార్చుకోవచ్చు. ఆ ఫర్మ్‌వేర్ ఆర్మ్ క్రోమ్‌బుక్‌లకి లేదు. యూట్యూబ్‌లో చూసి మీ దాని స్క్రూ విప్పి ఫర్మ్‌వేర్ మారుస్తానని ఎవరైనా వస్తే వద్దనండి.

అప్‌డేట్ల గడువు సంగతి. ఆ రోజుల్లో గూగుల్ లెక్క ఐదేళ్లు. అదీ మీరు కొన్న రోజు నుంచి కాదు, ఆ రకం బోర్డు మార్కెట్లోకి వచ్చిన రోజు నుంచి. అంటే రెండేళ్ల తర్వాత డిస్కౌంట్‌లో కొన్నవాడికి మూడేళ్లే మిగిలేవి. డబ్బా మీద ఎక్కడా ఆ తేదీ ఉండేది కాదు. నాకు వీటి మీద ఉన్న కోపమంతా ఆ ఒక్క విషయం మీదే. పెరుగు ప్యాకెట్ మీద కూడా తేదీ వేస్తారు కదా!

ఐదేళ్లకే ఎందుకు ఆపారంటే, క్రోమ్ ఓఎస్ ఒక్కో బోర్డుకి విడిగా తయారవుతుంది. మీ దాంట్లో ఉన్నది 3.14 కెర్నెల్. కొత్తగా వచ్చిన సదుపాయాలు ఆ కెర్నెల్ మీద నడవవు. క్రోమ్‌బుక్ లోపలే లినక్స్ యాప్‌లు నడుపుకునే సౌకర్యం వచ్చినప్పుడు కూడా ఈ తరం వాటికి అందలేదు. కెర్నెల్ మార్చి మళ్లీ అన్నీ పరీక్షించాలంటే జీతాలు ఇచ్చి మనుషుల్ని పెట్టాలి, 149 డాలర్ల వస్తువుకి ఎవరు పెడతారు? పైగా ఇందులో బ్రౌజరూ ఓఎస్సూ ఒకే ముద్ద. విండోస్ పాతబడినా కొన్నాళ్లపాటు బ్రౌజర్ విడిగా అప్‌డేట్ అవుతుంది. ఇక్కడ ఓఎస్ ఆగితే బ్రౌజరూ అక్కడే ఆగుతుంది. మీ బ్యాంకు సైటు గొడవ అదే.

కాబట్టి పాస్‌వర్డ్ ప్రశ్నకి జవాబు: అందులో ఇప్పుడున్న క్రోమ్‌తో బ్యాంకు పని వద్దే వద్దు. అప్‌డేట్లు ఆగిన తర్వాత క్రోమ్‌లో బయటపడిన లోపాలన్నీ అందులో అలాగే తెరిచి ఉన్నాయి. బ్యాంకు పని ఫోన్లో చేసుకోండి.

ఇక చదువు విషయం. ఇక్కడ మీ అదృష్టం బాగుంది. ఆర్‌కే3288 క్రోమ్‌బుక్‌ల కుటుంబానికి వేరాన్ అని పేరు. అప్పట్లో గూగుల్ ఇంజినీర్లే ఆ డివైస్ ట్రీ ఫైళ్లని అసలు లినక్స్ కెర్నెల్‌లోకి పంపించారు. ఒక్కో మోడల్‌కీ ఒక్కో ఫైలు, ఇప్పటికీ ఉన్నాయి. గ్రాఫిక్స్ చిప్ మాలీ టీ760కి చాలాకాలం ఓపెన్ డ్రైవర్ లేక ఏడిపించేది. అలిస్సా రోజెన్‌వైగ్ అనే ఆవిడ చదువుకునే రోజుల్లో మొదలుపెట్టిన పాన్‌ఫ్రాస్ట్ డ్రైవర్ 2019లో 5.2 కెర్నెల్‌లో చేరింది, ఆ బాధ తీరింది. అంటే కంపెనీ వదిలేసిన మీ మెషీన్‌కి ఈ రోజు కొత్త కెర్నెల్ నడుస్తుంది. పాత ఫోన్లకీ ఇలాంటి మెషీన్లకీ లినక్స్ తయారుచేసే పోస్ట్‌మార్కెట్ ఓఎస్ వాళ్ల దగ్గర వేరాన్‌కి ఇమేజ్, అంటే కార్డు మీద రాసుకునే రెడీమేడ్ ఓఎస్ ఫైలు, దొరుకుతుంది. డెబియన్ అనే లినక్స్ కూడా 32 బిట్ ఆర్మ్‌ని ఇంకా వదల్లేదు, 2025లో వచ్చిన డెబియన్ 13లోనూ ఉంది.

చేసే పద్ధతి చెబుతాను, మీ తమ్ముణ్ని పక్కన కూర్చోబెట్టుకోండి. ముందు లోపల ఫొటోలు ఏమైనా ఉంటే తీసి పెట్టుకోండి, ఎందుకంటే మొదటి అడుగులోనే అన్నీ చెరిగిపోతాయి. ఎస్కేప్, రిఫ్రెష్ రెండూ నొక్కి పట్టుకుని పవర్ నొక్కితే రికవరీ స్క్రీన్ వస్తుంది. అక్కడ అడుగున మోడల్ పేరు చిన్న అక్షరాల్లో ఉంటుంది. జాక్ అనో మైటీ అనో ఉండొచ్చు, రాసి పెట్టుకోండి. కంట్రోల్ డీ కొట్టి ఎంటర్ నొక్కితే డెవలపర్ మోడ్‌లోకి మారుతుంది, కాసేపు పడుతుంది. తర్వాత క్రోమ్ ఓఎస్ తెరుచుకున్నాక కంట్రోల్, ఆల్ట్‌తో పాటు పై వరసలో ముందుకి చూపే బాణం కీ నొక్కితే నల్ల తెర వస్తుంది. అక్కడ రూట్‌గా, అంటే అన్ని అధికారాలూ ఉన్న యూజర్‌గా వెళ్లి బయటి డిస్క్ నుంచి బూట్ అవనిచ్చే కమాండ్ ఒకటి కొట్టాలి, పోస్ట్‌మార్కెట్ ఓఎస్ పేజీలో ఉంటుంది. ఆ తర్వాత ఇమేజ్ రాసిన మెమరీ కార్డు పెట్టి, ఆన్ అవుతుండగా కంట్రోల్ యూ. ఈఎంఎంసీ జోలికి పోకండి, అంతా కార్డు మీదే నడపండి. నచ్చకపోతే కార్డు తీసేస్తే పాత క్రోమ్ ఓఎస్ ఎక్కడిదక్కడే ఉంటుంది.

ఒక జాగ్రత్త, దీన్ని కాగితం మీద రాసి మూతకి అతికించండి. ఇకనుంచి ఆన్ చేసిన ప్రతిసారీ ఓఎస్ వెరిఫికేషన్ ఆఫ్‌లో ఉంది అని తెల్ల స్క్రీన్ వచ్చి భయపెడుతుంది, స్పేస్ నొక్కమంటుంది. నొక్కకూడదు, అక్కడ కంట్రోల్ యూ కొట్టాలి. స్పేస్ కొట్టి, ఆ వెంటనే ఎంటర్ కొడితే డెవలపర్ మోడ్ పోతుంది, క్రోమ్ వైపు ఉన్నదంతా చెరిగిపోతుంది, కార్డు నుంచి బూట్ అవడం కూడా ఆగిపోతుంది. ఏమీ నొక్కకుండా ఊరుకుంటే అర నిమిషం ఆగి కుయ్ కుయ్ మని అరిచి పాత క్రోమ్ ఓఎస్‌లోకి వెళ్తుంది. ఇంట్లో చిన్న పిల్లలుంటే స్పేస్ నొక్కడం పక్కా జరుగుతుంది. మా దగ్గరికి తిరిగొచ్చే మెషీన్లలో సగం ఈ స్పేస్ బాధితులే.

ఐఫైవ్ భాయ్ చెప్పింది అబద్ధం కాదు. డబ్బు ఉన్న రోజున అదే కొనండి. కానీ సీ నేర్చుకునే పిల్లకి కావలసింది ఒక టెక్స్ట్ ఎడిటర్, జీసీసీ అనే సీ కంపైలర్. ఈ రెండూ 2 జీబీలో హాయిగా కూర్చుంటాయి. ఎక్స్ఎఫ్‌సీఈ లాంటి తేలిక డెస్క్‌టాప్ పెట్టండి, జీర్యామ్ ఆన్ చేయండి, అది ర్యామ్‌లోనే డేటాని కుదించి చోటు మిగులుస్తుంది, కార్డు మీద స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడుకునే చోటు) మాత్రం పెట్టకండి, కార్డు తొందరగా చచ్చిపోతుంది. బ్రౌజర్‌లో రెండు ట్యాబులు దాటొద్దు. యూట్యూబ్ 480లో పెట్టుకుంటే సరే, అంతకు మించి ఆశ పడొద్దు.

ఫ్రిస్కో నుంచి:

బోర్డు మెకానిక్ గారూ, చాలా బాగా చెప్పారు. మేముండేది టెక్సస్‌లో. ఇక్కడ బడుల్లో పిల్లలందరి చేతుల్లో క్రోమ్‌బుక్‌లే. గడువు తీరినవాటిని కుప్పలుగా వేలం వేస్తారు. 2023 ఏప్రిల్‌లో యూఎస్ పీఐఆర్‌జీ అనే వినియోగదారుల సంస్థ దీని మీదే రిపోర్టు పెట్టి గట్టిగా గోల చేసింది. ఆ సెప్టెంబరులో గూగుల్ పదేళ్ల అప్‌డేట్లు ప్రకటించింది. కానీ అది 2021 నుంచి వచ్చిన మోడళ్లకి దానంతట అదే వర్తిస్తుంది, అంతకు ముందువాటిలో గడువు ఇంకా మిగిలి ఉన్నవాటికి ఆప్షన్ ఇచ్చారు. అప్పటికే గడువు దాటిపోయిన కాలువగట్టు గారి లాంటి మెషీన్లకి ఏమీ లేదు.

నా దగ్గర ఇంకా పాతది ఉంది. 2012 అక్టోబరులో 249 డాలర్లకి వచ్చిన శాంసంగ్. ఎక్సినోస్ 5 డ్యుయల్, ఇదీ 2 జీబీయే, ఇదీ ఫ్యాన్ లేనిదే. 2018లో అప్‌డేట్లు ఆగాయి. ఇదీ మీరు చెప్పిన దారిలోనే వెళ్తుందా? దీంతో పాటు మైక్రోసాఫ్ట్ వాళ్ల సర్ఫేస్ ఆర్‌టీ ట్యాబ్లెట్ కూడా ఒకటి పడి ఉంది, దాన్ని ఏం చేయొచ్చు?

బోర్డు మెకానిక్:

అన్నా, ఆ శాంసంగ్‌కి బోర్డు పేరు స్నో. దాని డివైస్ ట్రీ కూడా అసలు కెర్నెల్‌లో ఉంది. దారి అదే: డెవలపర్ మోడ్, కార్డు, కంట్రోల్ యూ. కోర్లు రెండే కాబట్టి వేరాన్ కంటే ఇంకా నెమ్మది. టైపింగ్‌కీ, ఎస్ఎస్‌హెచ్‌తో వేరే కంప్యూటర్‌లోకి వెళ్లి పనిచేసుకోవడానికీ పనికొస్తుంది.

సర్ఫేస్ ఆర్‌టీ వేరే కథ. అదీ 2012దే, టెగ్రా 3 చిప్, అదీ 2 జీబీయే. పేరుకి విండోసే అయినా మామూలు డెస్క్‌టాప్ ప్రోగ్రాములు ఎక్కించుకోనివ్వదు, స్టోర్‌లో ఉన్నవే వేసుకోవాలి. విండోస్ ఆర్‌టీ 8.1కి 2023 జనవరి 10తో సపోర్ట్ పూర్తిగా ముగిసింది. సంతకం లేని ఓఎస్‌ని లేవనివ్వని సెక్యూర్ బూట్‌ని ఆపుకునే ఆప్షన్ తయారీదారు ఇవ్వలేదు. కష్టపడి లోపాలు వెతికి తాళం తీసినవాళ్లు ఉన్నారు, అది మా పనివాళ్లకి సరదా గానీ ఇంట్లో వాడుకునేవాళ్లకి కాదు.

అందుకే ఎవరైనా పాత ఆర్మ్ మెషీన్ తెచ్చి బాగవుతుందా అంటే నేను ముందు ప్రాసెసర్ వేగం చూడను. రెండే చూస్తాను. తయారుచేసినవాడు సొంతదారుడికి తలుపు వదిలాడా లేదా, ఆ బోర్డు ఫైలు అసలు కెర్నెల్‌లో ఉందా లేదా. క్రోమ్‌బుక్‌ల్లో ఆ తలుపు డెవలపర్ మోడ్. గూగుల్‌ని ఐదేళ్ల లెక్కకి తిట్టాను గానీ ఈ తలుపు పెట్టినందుకు మాత్రం మెచ్చుకోవాలి. వాటికంటే ముందు, 2010 ప్రాంతంలో ఏడంగుళాల మినీ ల్యాప్‌టాప్‌లు వచ్చేవి గుర్తుందా? వయా డబ్ల్యూఎం8505 చిప్, 128 ఎంబీ ర్యామ్, లోపల విండోస్ సీఈ. స్టార్ట్ బటన్ చూసి విండోస్ అనుకుని కొనేవాళ్లు, ఒక్క సెటప్ ఫైలూ ఎక్కేది కాదు. వాటికి అప్‌డేట్లు ఆగడమనేదే లేదు, అసలు మొదలైతే కదా!

కాలువగట్టు:

బోర్డు మెకానిక్ తమ్ముడూ, మీ పుణ్యమా అని అయింది! రికవరీ స్క్రీన్‌లో జాక్ అనే ఉంది. తెల్ల స్క్రీన్ చూసి మా వారు టెన్షన్ పడి స్పేస్ నొక్కబోయారు, మా అమ్మాయి చెయ్యి పట్టుకుని ఆపింది. మొదట వైఫై కనపడలేదు. మా తమ్ముడు ఫోన్ కేబుల్‌తో నెట్ ఇచ్చి, వైఫై చిప్ ఫర్మ్‌వేర్ ప్యాకేజీ ఏదో వేశాక వచ్చింది. ఇప్పుడు నల్ల తెర మీద తెల్ల అక్షరాల్లో ప్రోగ్రాము రాసి నడిపిస్తోంది. కాలేజీలో విండోస్ మీద పాత టర్బో సీ ఉందట, అక్కడ చేసినవి కొన్ని ఇక్కడ ఎర్రర్ వస్తున్నాయి. కోనియో అని ఏదో లేదంటోంది. అది మెషీన్ లోపమా?

ఇంకొకటి. టచ్‌ప్యాడ్ కుడి వైపు నొక్కితే సరిగ్గా దిగడం లేదు, గట్టిగా ఉంది. నిన్నటికంటే ఇవాళ ఇంకా గట్టిగా ఉన్నట్టుంది.

ఐఫైవ్ అభిమాని:

కోనియో డాట్ హెచ్ అనేది డాస్ కాలంది అండీ, జీసీసీతో లినక్స్‌లో ఉండదు. మెషీన్ లోపం కాదు. క్లియర్ స్క్రీన్, గెట్‌సీహెచ్ లైన్లు తీసేసి, వాయిడ్ మెయిన్ బదులు ఇంట్ మెయిన్ అని రాసి, చివర రిటర్న్ జీరో పెట్టమనండి. నిజం చెప్పాలంటే ఆ టర్బో సీ కంటే పాప ఇంట్లో నేర్చుకుంటున్నదే ఇప్పటి పద్ధతి. ల్యాబ్ పరీక్షకి మాత్రం ల్యాబులో ఉన్నట్టే రాయమనండి. ఆ క్రోమ్‌బుక్‌ని ఈ-వేస్ట్‌కి ఇవ్వమన్న మాట ప్రస్తుతానికి పక్కన పెడుతున్నాను.

బోర్డు మెకానిక్:

అక్కా, కోనియో సంగతి భాయ్ చెప్పేశాడు. నాకు రెండోదే ముఖ్యం. ఛార్జర్ ఇప్పుడే తీసేయండి, మెషీన్ ఆఫ్ చేయండి. టచ్‌ప్యాడ్ అడుగున ఉండేది బ్యాటరీ. అన్నేళ్లు బీరువాలో ఖాళీగా పడుకుని, ఇప్పుడు రోజూ ఛార్జింగ్ ఎక్కితే లిథియం పౌచ్ ఉబ్బుతుంది, కింది నుంచి ప్యాడ్‌ని పైకి తోస్తుంది. మూత మూసి, చదునుగా ఉన్న టేబుల్ మీద పెట్టి నాలుగు మూలలూ నొక్కి చూడండి. ఊగుతుంటే ఉబ్బినట్టే. కింది ప్లాస్టిక్ అంచు దగ్గర సందు కనపడుతోందా అని కూడా చూడండి.

ఉబ్బి ఉంటే నాకు కొరియర్ చేయకండి, అది ప్రమాదం, తెలిస్తే వాళ్లూ తీసుకోరు. తెనాలిలోనే నమ్మకమైన ఫోన్ రిపేర్ అబ్బాయి దగ్గరికి తీసుకెళ్లండి, వాళ్లకి ఉబ్బిన బ్యాటరీలు మామూలే. అడుగున రబ్బరు బుడిపెల కింద కూడా స్క్రూలు ఉన్నాయేమో చూడమనండి, లాగేస్తే ప్లాస్టిక్ విరుగుతుంది. బ్యాటరీ కనెక్టర్ ముందు పీకి, తర్వాతే పౌచ్‌ని లేపాలి, స్క్రూడ్రైవర్‌తో మాత్రం పొడవకూడదు. బయటికి తీశాక దాని మీద ఉన్న లేబుల్ ఫొటో ఇక్కడ పెట్టండి. వోల్టులు, కనెక్టర్ వైర్ల సంఖ్య కనపడేలా తీయండి, దానికి సరిపోయేది దొరుకుతుందేమో మా దగ్గర పాత స్టాక్‌లో వెతుకుతాను.